విశ్వం సిమ్యులేషన్లను ఎక్కడి దాకా నమ్మాలి?

కంటికి కనబడకుండా, గురుత్వాకర్షణ వల్ల మాత్రమే ఉనికి తెలిసే పదార్థాన్ని డార్క్ మ్యాటర్ అంటారు. అది విశ్వంలో ఎలా గుంపులు కడుతుందో కంప్యూటర్‌లో లెక్కగట్టే సిమ్యులేషన్ల బొమ్మలు మీలో చాలామంది చూసే ఉంటారు. నల్లటి నేపథ్యం మీద ఊదారంగు తీగలు, తీగలు కలిసే చోట మెరిసే ముద్దలు, మధ్యలో పెద్ద పెద్ద ఖాళీలు. వీటిలో బాగా పేరున్నది 2005లో వచ్చిన మిలీనియం సిమ్యులేషన్. జర్మనీలోని గార్షింగ్‌లో ఒక సూపర్ కంప్యూటర్ నెల రోజుల పాటు లెక్కగట్టి తీసిన బొమ్మ అది. అందులో వెయ్యి కోట్లకు పైగా చుక్కలున్నాయి. పెద్ద సంఖ్యే. కానీ ఒక్కో చుక్క బరువు వంద కోట్ల సూర్యుళ్లకు పైమాటే. డార్క్ మ్యాటర్ కణం ప్రోటాన్‌కి వంద రెట్లు బరువుంటుందనుకుంటే, ఆ ఒక్క చుక్క ఎన్ని కణాలకు బదులుగా నిలబడిందో రాయాలంటే 1 పక్కన 64 సున్నాలు పెట్టాలి.

మరి ఆ బొమ్మలో కనబడేదాంట్లో గురుత్వాకర్షణ చేసింది ఎంత, చుక్కలు చేసింది ఎంత? ఫిజిక్స్ చదువుకుని, కంప్యూటర్ లెక్కల పనిలో స్థిరపడ్డవాణ్ని కాబట్టి ఈ ప్రశ్న నన్ను వదలదు. ఈ రంగంలో పేపర్లు చదివేకొద్దీ నాకు ఒక అభిప్రాయం గట్టిపడింది. చుక్కల సంఖ్య పెంచినా అదే జవాబు రావడం, నాలుగు వేరు వేరు కోడ్లు, అంటే లెక్కగట్టే ప్రోగ్రాములు, ఒకే మాట చెప్పడం మంచి లక్షణాలే, కానీ నమ్మకానికి అవి చాలవు. జవాబు ముందే తెలిసిన లెక్క ఇచ్చినప్పుడు కోడ్ ఏం చేసిందన్నదే అసలు పరీక్ష. ఆ పరీక్షకి ఈ రంగం ఇవ్వాల్సినంత విలువ చాలా ఏళ్లు ఇవ్వలేదు.

ఈ పని కంప్యూటర్ల కన్నా ముందే మొదలైంది. 1941లో స్వీడన్‌లోని లుండ్‌లో ఎరిక్ హోమ్‌బెర్గ్ రెండు గెలాక్సీలు ఒకదాని పక్కగా ఒకటి పోతే ఏమవుతుందో చూడాలనుకున్నాడు. దూరం రెట్టింపైతే గురుత్వాకర్షణ నాలుగో వంతు అవుతుంది, వెలుతురూ అంతే. అందుకని ఒక్కో గెలాక్సీకి 37 చొప్పున బల్బులు పెట్టి, ఒక్కో బల్బు ఉన్న చోట ఎటునుంచి ఎంత వెలుతురు పడుతోందో ఫోటోసెల్‌తో కొలిచి, దాన్నే ఆకర్షణ బలంగా తీసుకుని బల్బులను కొంచెం కొంచెం జరుపుతూ పోయాడు. ఈ ప్రయోగం గురించి ఎన్నిసార్లు చదివినా నాకు ముచ్చటేస్తుంది. ఇప్పటి ప్రోగ్రాములు చేసేదీ అదే. ప్రతి చుక్క మీద మిగతా చుక్కలన్నిటి లాగుడు ఎంతో లెక్కగట్టడం, ఆ లెక్క ప్రకారం చుక్కను కాస్త జరపడం, మళ్లీ మొదటికి రావడం. 1985లో డేవిస్, ఎఫ్స్టాథియో, ఫ్రెంక్, వైట్ నలుగురూ కలిసి చేసిన ప్రసిద్ధ లెక్కలో 32,768 చుక్కలున్నాయి. యూరప్ వాళ్ల అంతరిక్ష టెలిస్కోప్ యూక్లిడ్ కోసం జ్యూరిక్ బృందం చేసిన లెక్కలో రెండు లక్షల కోట్లు.

సంఖ్య ఎంత పెరిగినా మూలంలో ఒక తేడా మిగిలే ఉంటుంది. నిజమైన డార్క్ మ్యాటర్‌లో కణాలు లెక్కకు అందనన్ని. ఏ ఒక్క కణమూ పక్క కణం లాగుడుకి దారి తప్పదు. అన్నీ కలిసి ఏర్పరిచే నునుపైన క్షేత్రంలో తేలిపోతుంటాయి, అంతే. సిమ్యులేషన్‌లో అలా కాదు. బరువైన చుక్కలు కొన్నే ఉంటాయి, అవి దగ్గరికొస్తే ఒకదాన్నొకటి గట్టిగా విసిరేస్తాయి. ఇలాంటి విసుర్లు పోగుపడి కణం దారిని పూర్తిగా మార్చడానికి ఎంత కాలం పడుతుందో చంద్రశేఖర్ 1940ల మొదట్లోనే నక్షత్రాల కోసం లెక్కగట్టి పెట్టాడు. ఆ సూత్రాన్ని వంద చుక్కలున్న ఒక హేలోకి, అంటే డార్క్ మ్యాటర్ ముద్దకి వర్తింపజేస్తే, చుక్కలు ముద్దలో రెండు మూడు సార్లు అటూ ఇటూ తిరిగేసరికే వాటి అసలు దారులు చెరిగిపోతాయని తేలుతుంది. అంటే ఆ ముద్ద లోపలి ఆకారం గురించి ఆ సిమ్యులేషన్ చెప్పే మాటకి విలువ లేదు.

దీనికి విరుగుడుగా సాఫ్టెనింగ్ అని ఒకటి వాడతారు. రెండు చుక్కలు ఒక హద్దు దాటి దగ్గరికొస్తే వాటి మధ్య బలాన్ని కావాలనే తగ్గించేస్తారు. ఆ హద్దు ఎంతుండాలన్నదే చిక్కు. మరీ చిన్నదైతే విసుర్లు ఆగవు. మరీ పెద్దదైతే హేలో నడిబొడ్డున నిజంగా ఉండాల్సిన సాంద్రత చెదిరిపోతుంది. పైగా సాఫ్టెనింగ్ ఆపేది దగ్గరి విసుర్లనే. దూరం నుంచి పడే చిన్న చిన్న లాగుళ్లు పోగుపడటాన్ని అది ఆపలేదు, నష్టంలో పెద్ద వాటా వాటిదే.

కేయాస్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే సిమ్యులేషన్ల మీద అనుమానం అనగానే చాలామంది దాన్నే ఎత్తుతారు. మొదట్లో చుక్కలు వెంట్రుకవాసి తేడాతో మొదలైతే ఆ తేడా ఘాతాంకంలో పెరుగుతుందని 1964లోనే రిచర్డ్ మిల్లర్ చూపించాడు. ల్యాప్‌టాప్ మీద చిన్న ప్రోగ్రాం రాసి ఎవరైనా చూసుకోవచ్చు. నేనూ చూశాను. ఒక్క చుక్కని పదో దశాంశ స్థానంలో కదిపితే, కాసేపటికి రెండు రన్‌లలో ఏ చుక్కా ఒకే చోట ఉండదు. కానీ ముద్ద సైజు, సాంద్రత, చుక్కల సగటు వేగం మాత్రం రెండింటిలోనూ దాదాపు ఒకటే. మనకి కావాల్సింది ఏ చుక్క ఎక్కడుందన్నది కాదు, మొత్తం మీద అమరిక ఎలా ఉందన్నది. అందుకే కేయాస్ పేరు చెప్పి ఈ లెక్కలన్నీ దండగ అనేవాళ్లతో నేను ఏకీభవించను. కేయాస్ తప్పులు ఒక్కో రన్‌లో ఒక్కోలా పడతాయి కాబట్టి సగటులో చాలావరకు కొట్టుకుపోతాయి. ఎన్ని రన్‌లు చేసినా ఒకే వైపుకి లాగే తప్పులున్నాయి. నా భయం వాటి గురించే.

అలాంటి తప్పు ఎలా ఉంటుందో 2007లో జీ వాంగ్, సైమన్ వైట్ రాసిన పేపర్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. డార్క్ మ్యాటర్ కణాలు తేలికగా, వేగంగా ఉండేవైతే అవి మొదట్లోనే అటూ ఇటూ పరుగెత్తి చిన్న హెచ్చుతగ్గులను చెరిపేస్తాయి. ఒక హద్దు కన్నా చిన్న ముద్దలు పుట్టడానికి మూలమే ఉండదు. అలాంటి విశ్వంలో పొడవాటి తీగలు నునుపుగా ఉండాలి. కానీ సిమ్యులేషన్‌లో ఆ తీగలు సమాన దూరాల్లో చిన్న చిన్న ముద్దలుగా తెగిపోయాయి, పూసల దండలాగా. వాటి మధ్య దూరం చూస్తే విషయం బయటపడింది. మొదట్లో చుక్కలను ఎంత దూరంలో పేర్చారో పూసల మధ్య దూరమూ అంతే. ఆ పూసలకు పుట్టిల్లు విశ్వం కాదు, చుక్కల పేర్పు.

అంతకు ముందు 2001లో ఇలాంటి డార్క్ మ్యాటర్ మీద వచ్చిన ఒక ప్రసిద్ధ పేపర్‌లో, చిన్న హేలోలు దాదాపుగా పదార్థం పలకల్లా పేరుకున్న చోట్లా, ఈ తీగల్లోనూ మాత్రమే పుడుతున్నాయని ఒక భౌతిక ఫలితంగానే చెప్పారు. రాసినవాళ్లు ఉద్దండులు. వాళ్ల శ్రద్ధలో లోపమేమీ లేదు. లెక్క చూపించింది చూపించినట్టు చెప్పారు. ఆ ముద్దల్లో చాలా భాగం కృత్రిమమైనవని తర్వాత తేలింది. 2013లో అంగులో, హాన్, ఏబెల్ అనే ముగ్గురు చుక్కలను విడివిడి బరువులుగా కాకుండా, సాగే ఒక పలక మీది గుర్తులుగా తీసుకుని, బరువును పలకంతా పరిచి అదే రకం విశ్వాన్ని మళ్లీ లెక్కగట్టారు. ఆ నకిలీ పూసలు మాయమయ్యాయి. అదే గురుత్వాకర్షణ, అదే మొదలు. మార్చింది బరువు ఎక్కడుందన్న ఊహనొక్కటే.

చుక్కలు పెంచితే సరిపోదా అని అడగొచ్చు. సరిపోతుంది, కానీ చాలా మెల్లగా. నకిలీ ముద్దలు కనబడే బరువు హద్దు చుక్కల సంఖ్య ఘనమూలానికి విలోమంగా తగ్గుతుందని వాంగ్, వైట్ చూపించారు. చుక్కలు వెయ్యి రెట్లు పెంచితే హద్దు పది రెట్లే దిగుతుంది. వెయ్యి రెట్లు పెద్ద కంప్యూటర్‌కి ఎదురుచూడటం అంటే ఎన్నేళ్లో మీరే ఊహించుకోండి.

ఈ హెచ్చరిక 2007లో కొత్తగా వచ్చింది కూడా కాదు. అమెరికాలో కాన్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆడ్రియన్ మెలాట్, సెర్గెయ్ షాండరిన్ 1990లలోనే ఈ మాట గట్టిగా అన్నారు. వాళ్ల పరీక్ష నాకు చాలా నచ్చుతుంది, ఎందుకంటే జవాబు చేతిలో పెట్టుకుని ప్రశ్న వేసే రకం అది. ఒకే దిశలో సాగే ఒక సాంద్రత హెచ్చుతగ్గుల అలను తీసుకుని, దాన్ని చుక్కల పేర్పుకి ఏటవాలుగా పెట్టి, కూలిపోనివ్వాలి. అల ఒకే దిశలో ఉంది కాబట్టి చుక్కలన్నీ ఆ దిశలోనే కదలాలి, పక్కకి కదలడానికి కారణమే లేదు. ఎక్కువ రిజల్యూషన్ ఉన్న, అంటే చిన్న చిన్న వివరాల దాకా లెక్కగట్టే కోడ్లలో చుక్కలు పక్కలకి చెదిరిపోయాయి. తక్కువ రిజల్యూషన్‌తో, మొరటుగా లెక్కగట్టే పాత తరహా కోడ్ ఈ పరీక్షలో బాగా నిలబడింది. చుక్కల మధ్య సగటు దూరం కన్నా చిన్న కొలతల్లో బలాన్ని లెక్కగట్టి వచ్చిన వివరాలను నమ్మకూడదని వాళ్లు తేల్చి చెప్పారు.

ఎక్కువమంది ఒప్పుకోలేదు. వాళ్ల వాదనలోనూ బలం ఉంది. మామూలు చల్లటి, అంటే కణాలు మెల్లగా కదిలే డార్క్ మ్యాటర్‌లో అన్ని సైజుల్లోనూ నిజమైన హెచ్చుతగ్గులుంటాయి, అవి ఈ కృత్రిమ గందరగోళాన్ని మింగేస్తాయి. హేలో లోపల చుక్కలు చాలా దగ్గరగా చేరతాయి కాబట్టి విశ్వం మొత్తానికి తీసిన సగటు దూరాన్ని అక్కడ హద్దుగా పెట్టడం మరీ కఠినం. ఇంత మటుకు నేనూ ఒప్పుకుంటాను. కాన్సాస్ వాళ్లు గీసిన గీత అవసరానికి మించి వెనక ఉందనే నా అభిప్రాయం. కానీ ఏదో ఒక గీత ఉండి తీరుతుందన్న మాట పక్కకి పోయి, గీత స్థానం మీద గొడవే మిగిలింది. అదే నాకు బాధ కలిగించే విషయం. ఒకరి హద్దు తప్పైనంత మాత్రాన అసలు హద్దే లేదని అర్థం కాదు కదా.

2021లో మైకేల్ జాయిస్, లీమన్ గ్యారిసన్, డేనియల్ ఐసెన్‌స్టైన్ ఈ గీతను కొలిచే చక్కటి దారి వాడారు. మన విశ్వాన్ని కాసేపు పక్కన పెట్టి, ఏ కొలతా ప్రత్యేకం కాని ఒక ఆదర్శ విశ్వాన్ని తీసుకుందాం. మొదటి హెచ్చుతగ్గులు శుద్ధంగా ఒక ఘాత సూత్రాన్ని పాటిస్తాయి, విస్తరణ కూడా అంతే. అప్పుడు ఏ కాలంలో చూసినా గుంపుల అమరిక ఒకటే ఆకారం, సైజు మాత్రమే మారుతుంది. ఇది గణితం నుంచి కచ్చితంగా వచ్చే ఫలితం. అలా కాకుండా సిమ్యులేషన్‌లో ఎక్కడైనా ఆకారం తప్పితే ఆ తప్పు కంప్యూటర్‌దే, వేరే అనుమానితులు లేరు. ఈ ఆలోచన 1980ల నుంచీ ఉన్నదే, వాళ్లు దాన్ని కొత్త కచ్చితత్వంతో వాడారు. బాగా కుదిరిన కొలతల్లో లోపం ఒక శాతం లోపే ఉందని తేలింది. అది నిజంగా మెచ్చుకోవాల్సిన సంగతి. దాంతో పాటు ఇంకొకటి కూడా తేలింది. సాఫ్టెనింగ్ మార్చినా, చుక్కలను ఒక్కో విడతలో ఎంత కాలం మేర జరపాలన్న కాలం మెట్టు మార్చినా జవాబు మారకుండా నిలకడగా కనబడే కొలతలు కొన్నున్నాయి, అక్కడ కూడా జవాబు అసలు భౌతిక ఫలితానికి చేరలేదు. సాఫ్టెనింగ్ ఎంత తగ్గించినా నిజమైన రిజల్యూషన్‌ని నిర్ణయించేది ప్రధానంగా చుక్క బరువే.

ఇది చదివినప్పుడు నాకు పరీక్ష హాలు గుర్తొచ్చింది. ఒకే గైడు చదివిన పదిమంది ఒకే జవాబు రాస్తే, ఆ జవాబు సరైనదని కాదు, గైడు ఒకటేనని తెలుస్తుంది. కోడ్లు పేర్లు వేరైనా, చుక్కలతో లెక్కగట్టడం అన్న ఊహ అన్నిటిలోనూ ఉంది. ఆ ఊహ వల్ల వచ్చే తప్పు కోడ్లను ఒకదాంతో ఒకటి పోల్చితే బయటపడదు.

పోల్చడం వల్ల ఉపయోగం ఎప్పుడుంటుందంటే, పద్ధతి మూలంలోనే తేడా ఉన్నప్పుడు. 1999లో శాంటా బార్బరా పోలిక అని ఒకటి జరిగింది. పన్నెండు కోడ్లకు ఒకే గెలాక్సీల గుంపును, అందులోని వేడి వాయువుతో సహా ఇచ్చారు. డార్క్ మ్యాటర్ విషయంలో బాగానే కలిశాయి. గుంపు నడిబొడ్డున వాయువు ఎంట్రోపీ (వేడినీ సాంద్రతనీ కలిపి చెప్పే కొలత) దగ్గర మాత్రం చీలిపోయాయి. వాయువును కణాలుగా తీసుకునే కోడ్లు ఒక మాట, గళ్లుగా విడగొట్టే కోడ్లు ఇంకో మాట చెప్పాయి. ఎవరి వర్గంలో వాళ్లు చక్కగా ఏకీభవించారు. వాయువు పొరలు ఒకదాని మీద ఒకటి జారేటప్పుడు పుట్టే సుడులను కణాల పద్ధతి అణిచేస్తోందని 2007లో ఆస్కార్ ఏగెర్ట్స్ బృందం తేల్చింది. అప్పుడు కూడా తీర్పు చెప్పింది జవాబు ముందే తెలిసిన ఒక చిన్న పరీక్షే: గాలి తాకిడికి ఒక వాయువు ముద్ద చెదరాలా వద్దా అన్నది.

ఇప్పుడు నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద వివాదానికి వస్తాను. పెద్ద హేలోల లోపల తిరిగే చిన్న హేలోలు ఎన్ని? 1990ల మొదట్లో సిమ్యులేషన్లలో ఇవి పెద్ద గుంపుల్లోకి వెళ్లీ వెళ్లగానే కరిగిపోయేవి. రిజల్యూషన్ చాలకనే అలా అవుతోందని అర్థమైంది. రిజల్యూషన్ పెంచాక 1999 నాటికి పరిస్థితి తిరగబడింది. మన పాలపుంత చుట్టూ వందల కొద్దీ చిన్న హేలోలు ఉండాలని లెక్క చెప్పింది. అప్పటికి తెలిసిన ఉపగెలాక్సీలు డజను లోపే. ఈ తేడా మీద ఎన్ని సిద్ధాంతాలు పుట్టాయో లెక్కలేదు. డార్క్ మ్యాటర్ స్వభావాన్నే మార్చాలన్నవాళ్లూ ఉన్నారు.

సరే, కనీసం హేలోల సంఖ్య లెక్క తేలిపోయిందని అందరూ అనుకుంటున్న సమయంలో 2018లో ఫ్రాంక్ వాన్ డెన్ బాష్ తన సహచరులతో కలిసి మళ్లీ మొదటికే వెళ్లాడు. ఒక పెద్ద హేలో స్థిరమైన క్షేత్రంలో ఒకే ఒక్క చిన్న హేలోని వదిలి, అది ఎంతకాలం నిలుస్తుందో ఓపికగా చూశాడు. నడిబొడ్డున సాంద్రత కోసుగా పెరిగే హేలోని పెద్ద హేలో దగ్గరి వైపు ఎక్కువగా, దూరపు వైపు తక్కువగా లాగే టైడల్ బలం పైపైన ఒలుస్తుంది తప్ప పూర్తిగా చంపడం చాలా కష్టం. అయినా సిమ్యులేషన్లలో అవి పూర్తిగా మాయమవుతున్నాయి. అందులో అధిక భాగం కృత్రిమ మరణాలేనని అతను తేల్చాడు. సాఫ్టెనింగ్ సరిపోకపోవడం ఒక కారణం, కొద్ది చుక్కల వల్ల వచ్చే గోల తనంతట తానే పెరిగిపోవడం ఇంకొకటి. నిలకడగా వచ్చిందని అందరూ నమ్మిన సంఖ్యల్లోనే ఈ లోపం దాగుందని అతని వాదన.

దీని మీద చర్చ ఇంకా నడుస్తోంది. ఎంత శాతం మరణాలు నకిలీవన్నది హేలో బరువు, దారి, సిమ్యులేషన్‌ని బట్టి మారుతుంది. కానీ పర్యవసానం చిన్నది కాదు. గయా టెలిస్కోప్ చూపించిన సన్నటి నక్షత్ర ధారల్లోని ఖాళీల నుంచి, దూరపు గెలాక్సీల కాంతి వంగే తీరు నుంచి, కంటికి కనబడని చిన్న హేలోలను లెక్కపెట్టే ప్రయత్నాలు జరుగుతున్నాయి. అలా దొరికిన సంఖ్యను పోల్చేది సిమ్యులేషన్ చెప్పిన సంఖ్యతోనే. సిమ్యులేషన్ హేలోలను అన్యాయంగా చంపేస్తుంటే, డార్క్ మ్యాటర్ ఏమిటన్న ప్రశ్నకి మనం తప్పు జవాబు రాసుకుంటాం.

నక్షత్రాలను కూడా కలిపిన సిమ్యులేషన్లలో ఇదే జబ్బు ఇంకో రూపంలో వస్తుంది. డార్క్ మ్యాటర్ చుక్కలు నక్షత్రాల చుక్కల కన్నా అయిదారు రెట్లు బరువుంటాయి. బరువైనవి తేలికవాటికి శక్తిని అందిస్తూ పోతాయి కాబట్టి గెలాక్సీలు ఉండాల్సిన దాని కన్నా ఉబ్బుతాయి. ఆరన్ లడ్లో బృందం 2019లో దీన్ని చూపించింది. చిన్న గెలాక్సీల సైజు గురించి ఏ సిమ్యులేషన్ ఏం చెప్పినా నేను మొదట చూసేది ఈ బరువుల నిష్పత్తే.

ఇంత చెప్పాక, వీటిని నమ్మొద్దంటున్నానని అనుకోకండి. 1983లో వైట్, ఫ్రెంక్, డేవిస్ విశ్వంలో డార్క్ మ్యాటరంతా న్యూట్రినోలనే అతి తేలికైన కణాలేనన్న ఊహని సిమ్యులేషన్‌తోనే తోసిపుచ్చారు. ఇప్పటి వాటితో పోలిస్తే అది చాలా చిన్న లెక్క. అయినా ఆ తీర్పు నిలిచింది. ఎందుకంటే అడిగిన ప్రశ్న చుక్కల మధ్య దూరం కన్నా ఎంతో పెద్ద కొలతలకు సంబంధించింది, తేడా కూడా కొట్టొచ్చినట్టు ఉంది. కోడ్ సామర్థ్యం ఎంత అన్నది దానంతట అది ఏమీ చెప్పదు. అడిగిన ప్రశ్నకి ఆ కోడ్ సరిపోతుందా అన్నదే చూడాలి. మన దేశంలో జస్జీత్ బాగ్లా అలహాబాద్‌లో ఉండగా ఈ కోణంలో మంచి పని చేశాడు. ట్రీపీఎం అనే కోడ్ రాయడమే కాక, సూర్యదీప్ రేతో కలిసి 2005లో ఇంకో ప్రశ్న వేశాడు. లెక్కగట్టే పెట్టె సైజు కన్నా పొడవైన అలలు అందులో పట్టవు కదా, వాటిని వదిలేస్తే ఎంత తప్పొస్తుంది? చుక్కలు కింది హద్దయితే పెట్టె పై హద్దు. రెండు హద్దులూ చెప్పిన పేపర్‌ని నేను ఎంత చిన్న సిమ్యులేషన్‌దైనా గౌరవంగా చదువుతాను.

పరిశీలనలతో సరిపోతోంది కదా, ఇంకేం కావాలని కొందరంటారు. పెద్ద కొలతల్లో ఇది న్యాయమైన మాటే. చిన్న కొలతల్లో మాత్రం సూపర్నోవాలు, నల్ల బిలాలు వాయువును ఎలా తోస్తాయో చెప్పే సూత్రాల్లో సర్దుబాటు చేసే అంకెలుంటాయి. పరిశీలనలకు సరిపోయేలా వాటిని దిద్దుతారు. దిద్దాక సరిపోవడం వింత కాదు. ఆ దిద్దుబాటు చుక్కల తప్పును కూడా కప్పేస్తుందేమో తేల్చాలంటే మళ్లీ జవాబు తెలిసిన పరీక్షలకే రావాలి.

ఇప్పుడు ఈ గొడవ ఇంకా ముదిరింది, ఎందుకంటే అవసరమైన కచ్చితత్వం పెరిగింది. 2016లో ఆరెల్ ష్నైడర్ బృందం మూడు వేరు వేరు కోడ్లను పోల్చి, పదార్థం ఎంత గుంపులు కట్టిందో చెప్పే గ్రాఫ్‌లో మెగాపార్సెక్ (సుమారు 33 లక్షల కాంతి సంవత్సరాలు) ప్రాంతపు కొలతల దాకా ఒక శాతం లోపు, ఇంకా చిన్న కొలతల్లో మూడు శాతం లోపు తేడాతో కలుస్తున్నాయని చూపించింది. పాతకాలంతో పోలిస్తే అద్భుతం. కానీ 2023 జూలై 1న బయల్దేరిన యూక్లిడ్ లక్ష్యాల్లో న్యూట్రినోల బరువు తేల్చడం ఒకటి. ప్రయోగశాల ప్రయోగాల ప్రకారం మూడు న్యూట్రినోల మొత్తం బరువు కనీసం 0.06 ఎలక్ట్రాన్ వోల్టులు ఉండాలి. అంత బరువుంటే అవి ఆ గ్రాఫ్‌ని కిందికి దించేది దాదాపు మూడు నాలుగు శాతం. చిన్న కొలతల్లో కోడ్ల మధ్య తేడాయే మూడు శాతం దాకా ఉంది, మూడు కోడ్లలోనూ ఒకేలా ఉన్న తప్పు ఏదైనా ఉంటే అది ఆ మూడు శాతంలో లెక్కకే రాదు. అందుకే యూక్లిడ్ కోసం తయారయ్యే ప్రతి సిమ్యులేషన్‌నీ, అదే చుక్క బరువుతో, అదే సాఫ్టెనింగ్‌తో ఆ ఆదర్శ విశ్వం మీద కూడా నడిపి, ఆకారం ఎక్కడ తప్పిందో ఆ కొలతను అసలు ఫలితం పక్కనే అచ్చు వేయాలని నేను కోరుతున్నాను. దానికయ్యే కంప్యూటర్ సమయం తక్కువేం కాదు. ఆ సమయాన్ని ఇంకొన్ని చుక్కలు పెంచడానికి వాడటం కన్నా ఇదే మంచి ఖర్చు.